నీటికాసులు

జనవరి 20, సోమవారం

చుక్కల మందు: ఉదయం ఆరింటికి రెండు కళ్ళలో ఒక్కో చుక్క. రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ.

ఈ డైరీ తీసింది అందుకే. యూనియన్ వాళ్ళు ఏటా ఇచ్చే డైరీలు బీరువాలో ఖాళీగా పడి ఉన్నాయి. మందు వేళలు రాసిపెట్టుకుంటే మరచిపోమని ఒకటి తీశాను. తిరుపతిలో డాక్టరు చెప్పింది కూడా ఒకసారి రాసేస్తాను, మళ్ళీ మళ్ళీ తలచుకునే పని ఉండదు. నా భార్య శకుంతలకు వచ్చింది నీటికాసులు. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి, చూపును అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వస్తుందట. కుడికన్ను చాలావరకు పోయింది. ఎడమకంట్లో నడిమధ్య కాస్త మిగిలింది. పోయిన చూపు తిరిగి రాదు, మందు ఉన్నదాన్ని నిలబెట్టడానికే. "చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఈ ఏడాదిలో చూసేయండమ్మా" అన్నాడు.

ఈ ఏడాది అన్నాడు. ఇంకా జనవరే కదా.

పాకాల బస్సులో తిరిగి వస్తూ అడిగాను, ఏం చూడాలని ఉంది అని. కాశీ అంటుందనుకున్నాను. లేకపోతే రామేశ్వరం. కిటికీ లోంచి చూస్తూ, "మన కుట్టుమిషను పైన క్యాలెండర్లో ఉండే సముద్రం" అంది.

"మేయ్, అది మారిషస్. మన దేశంలో లేదు."

"మన దేశంలో ఉండాదని నేను అన్నానా?" అంది.

జనవరి 22, బుధవారం

ఆ క్యాలెండరు తిరుపతిలో దారాల కొట్టువాడు ఇచ్చింది. ఆరేళ్ళ కిందటిది. అందులో తేదీలన్నీ ఎప్పుడో అయిపోయాయి. నేను తీసేద్దామన్నప్పుడల్లా శకుంతల పోట్లాడింది.

ముప్పై ఏళ్ళుగా ఆమె చీరలకు ఫాల్ కుడుతోంది, అంచులు మడుస్తోంది. మిషను పక్కన నాలుగు బిస్కెట్ డబ్బాలు, వాటినిండా దారపు రీళ్ళు. నెమలికంఠం, వంగపండు, చిలకపచ్చ, మామిడిచిగురు, ఉల్లిపొర, ఆనంద బ్లూ. నాకు ఎరుపు, పచ్చ, నీలం మాత్రమే తెలుసు. ఆమెకు రెండు వందల రంగులు పేరుపేరునా తెలుసు. పాకాలలో ఎవరు ఏ చీర తెచ్చినా దానికి సరిపోయే దారం తీసి ఇచ్చింది. "దీనికి దారం లేదు" అని ఒక్కరిని కూడా తిప్పి పంపలేదు. అదీ ఆమె గర్వం.

ఆ బొమ్మలోని నీళ్ళకు కూడా రీళ్ళు ఆనించి చూసేది. ఒక్కటీ కలిసేది కాదు. "అచ్చులో రంగు చెడిపోయింటాది. నిజం నీళ్ళు కనపడితే ఒక్క నిమిషంలో తీసిస్తా దారం" అనేది.

అంటే ఆమె అడుగుతున్నది ఊరు చూడటం కాదు. ఆరేళ్ళుగా తేలని ఒక లెక్క తేల్చుకోవడం.

జనవరి 27, సోమవారం

శకుంతల చెల్లెలి కూతురు సుజన ఆదివారం వచ్చి నా ఫోనులో విమాన టికెట్ల యాప్ పెట్టిపోయింది. ఏర్పేడులో కాలేజీ ఆఫీసులో పని ఆమెకు. చెన్నై నుంచి కంటే ముంబై నుంచి పోతే తక్కువ పడుతోంది. ముంబై దాకా రైల్లో నా రిటైర్మెంటు పాసు మీద పోవచ్చు. పాస్‌పోర్టులకు తిరుపతిలో అర్జీ పెట్టించింది.

"పెదనాయనా, మాటిమాటికీ సూస్తా ఉంటే రేటు పెంచేస్తారంట. దినానికి ఒకసారి సూడు. టికెట్టు మాత్రం నువ్వే నొక్కేయద్దు, నాకు ఫోన్ చెయ్యి."

ముప్పై నాలుగేళ్ళు రైల్వే బుకింగ్ కౌంటర్లో కూర్చున్నవాడికి టికెట్టు తీయడం నేర్పుతోంది!

ఉదయం ఐదున్నరకు చూశాను. ముంబై నుంచి మారిషస్, ఇద్దరికి, రానూ పోనూ డెబ్బై ఎనిమిది వేలు. కాఫీ తాగి చూస్తే ఎనభై ఒకటి. అదే విమానం, అదే సీటు. నేను కాఫీ తాగేలోపల సముద్రం వెడల్పయిందా? పాకాల నుంచి కాట్పాడికి కలెక్టరు వచ్చినా కట్టెలమ్మే ఆమె వచ్చినా ఒకటే ఛార్జీ తీసుకున్నాను నేను. వీళ్ళది సంతలో గొడ్ల బేరం, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

శకుంతలకు చెప్తే నవ్వింది. "ఇదో, నా కంట్లో కాసులుండాయని డాక్టరు చెప్పినాడు కదా. అవి ఇచ్చి రెండు టికెట్లు తీసుకో."

మందు: వేశాను, రెండు పూటలా.

జనవరి 28

డెబ్బై తొమ్మిది.

జనవరి 29

డెబ్బై ఆరు. దిగుతోంది. ఆగాలి.

ఫిబ్రవరి 6, గురువారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక మిద్దెమీద నీడలో చాప వేసుకున్నాం. చలి వెళ్ళిపోయింది, ఎండ ఇంకా ముదరలేదు. పైన చాలా ఎత్తులో ఒక విమానం పోతోంది, చప్పుడు లేకుండా, వెనక తెల్లటి గీత వదులుతూ. ఆ గీత కాసేపు ఉండి, ఉబ్బి, కరిగిపోయింది.

ఫోనులో దారులు చదివి వినిపించాను. ముంబై మీదుగా. కొలంబో మీదుగా. దుబాయ్ మీదుగా చుట్టు తిరిగి. ఇరవై ఆరు గంటల దారి కూడా ఒకటి ఉంది, మధ్యలో ఎక్కడో పదకొండు గంటలు ఆగుతుంది. ఆమె కళ్ళు మూసుకొని వింటోంది. నేను స్టేషన్ల పేర్లు చెప్పినట్టు చెప్పుకుంటూ పోయాను. ఒక్కో పేరు దగ్గర ఆమె ఆపేది.

"ఆడ ఏముంటాది?"

"కొబ్బరిచెట్లు."

"అది సరే. ఆడ ఆడోళ్ళు ఏం చీరలు కట్టుకుంటారు?"

నాకు తెలియదు. అయినా చెప్పాను. పలచటివి, గాలికి ఎగిరేవి అని. మనం తినే మోరీసు అరటిపండుకు ఆ దేశం పేరే వచ్చిందని ఎక్కడో చదివింది చెప్పాను. "అయితే సగం ఊరు మనకు తెలిసిందే" అంది. అలా మాట్లాడుతూ ఇద్దరం నిద్రపోయాం. లేచేసరికి ఎండ కాళ్ళ మీదికి వచ్చింది, ఎక్కడికో పోయి వచ్చినట్టే ఉంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

వాకిట్లో ముగ్గు కలవలేదు. పదకొండు చుక్కల ముగ్గు, ఒక పక్క గీత చుక్కను వదిలేసి పక్కకు పోయింది. మంచు పడి నేల తడిగా ఉంది, అందువల్ల.

డెబ్బై ఒకటి.

ఫిబ్రవరి 13

ఈరోజు కూడా తడిగానే ఉంది నేల.

ఫిబ్రవరి 19, బుధవారం

తెల్లవారుజామున కల. పాకాల రెండో ప్లాట్‌ఫారం మీద విమానం ఆగింది. హాల్ట్ రెండు నిమిషాలే. పట్టాల మధ్య కంకర లేదు, నీళ్ళున్నాయి, ఆ క్యాలెండర్ రంగు నీళ్ళు. సిగ్నల్ స్తంభం కింద చిన్న చేపలు తిరుగుతున్నాయి. కాఫీవాడు మోకాళ్ళ లోతులో నడుస్తూ కాఫీ కాఫీ అంటున్నాడు. ఎవరికీ ఇది వింతగా లేదు. శకుంతల బిస్కెట్ డబ్బా చంకలో పెట్టుకొని ఎక్కేసింది. నేను నా కౌంటర్లోనే ఉన్నాను. ఛార్జీ ఎంతో తెలియక టికెట్టు కొట్టలేకపోతున్నాను. పుస్తకంలో అంకెలు కదులుతూనే ఉన్నాయి.

లేచి చూశాను. అరవై తొమ్మిది.

మార్చి 4, మంగళవారం

మధ్యాహ్నం మూడుంబావుకు అరవై రెండుకు దిగింది! నొక్కబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, మంగళవారం మూడు నుంచి నాలుగున్నర రాహుకాలం. సముద్రం దాటే ప్రయాణానికి రాహుకాలంలో టికెట్టు తీస్తారా ఎవరైనా? గడియారం ముందు కూర్చున్నాను. నాలుగు ముప్పై ఒకటికి నొక్కితే డెబ్బై నాలుగు.

"రాహువు మింగేసినాడు" అన్నాను.

"చంద్రుణ్ణి మింగితే మళ్ళీ కక్కుతాడు. విమానాన్ని కక్కుతాడో లేదో నాకు తెల్దు" అంది. నవ్వుతూ అందించిన కాఫీ గ్లాసు నా చేతికి జానెడు దూరంలో వదిలేసింది. కింద పడింది. నేనే సరిగా పట్టుకోలేదు.

మార్చి 13, గురువారం

బడిపంతులమ్మ ధరణి వచ్చింది. శకుంతల స్నానానికి పోయి ఉంది. సంచిలోంచి చీర తీసి నా ముందు పెట్టింది. చిలకపచ్చ చీర. ఫాల్ కుట్టిన దారం వంగపండు రంగు. అంచు పొడుగునా, ఆ చివర నుంచి ఈ చివరకు, చిన్న చిన్న వరుస కుట్లు, ఎంత పొందికగా కుట్టిందో.

"అమ్మకు చెప్పద్దులే సార్. తొందర్లో చూసుకోలేదేమో" అంది ధరణి. శకుంతల చూపు సంగతి ఆమెకు తెలుసని నాకు అర్థమైంది.

చీరను మిద్దెమీదికి తీసుకుపోయి బ్లేడుతో కుట్లన్నీ నేనే విప్పాను. రెండు గంటలు పట్టింది. విప్పుతుంటే వెనక నుంచి మాట వినపడింది. ఎప్పుడు వచ్చి నిలబడిందో.

"ఏ రంగు ఏసినాను?"

ఇంకో కుట్టు కోశాను.

"చెప్పయ్యా. ఏ రంగు?"

"వంగపండు."

పక్కన కూర్చొని, నేను విప్పిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ పోయింది. చాలాసేపటికి, "రేటు ఎంత ఉండాది ఈరోజు?" అని అడిగింది.

మార్చి 14

నిన్న రాత్రి చుక్కలు వేయడం మరచిపోయాను. ఎనిమిది గంటలప్పుడు ఫోను చూస్తున్నాను. ఈ డైరీ దేనికోసం తీశానో ఆ పనే మరచిపోయాను. సిగ్గుగా ఉంది.

మార్చి 26, బుధవారం

పాస్‌పోర్టులు వచ్చాయి.

సాయంత్రం మునిశేఖర్ వచ్చాడు. నాతోపాటు పాతికేళ్ళు అదే స్టేషన్లో పనిచేసినవాడు, నాకంటే రూల్సు బాగా తెలిసినవాడు. ఇద్దరం ఫోను ముందు కూర్చున్నాం. వాడు దారి తిరగేసి చూశాడు. ముంబై నుంచి మారిషస్‌కు అరవై ఎనిమిది. అదే విమానం ఎక్కే మనిషి ఢిల్లీ నుంచి బయలుదేరి ముంబైలో మారితే యాభై మూడు! ఎక్కువ దూరానికి తక్కువ డబ్బు.

"ఇంత సులువు తట్టలేదా అప్పా నీకు? టికెట్టు ఢిల్లీ నుంచి తీసుకో, ఎక్కే చోటు, అదే బోర్డింగ్ పాయింట్, ముంబై పెట్టుకో. తిరుపతి కోటాలో తీసుకొని రేణిగుంటలో ఎక్కేవాళ్ళకు మనం ఎన్ని ఇచ్చింటాం!"

అదే కదా! వేలమందికి ఇచ్చాను. నాకే తట్టలేదు. జూన్‌లో ఇంకా తక్కువ, యాభై ఒకటి. జూన్ పదహారుకు నొక్కేశాను. బోర్డింగ్ పాయింట్ అడిగే చోటు ఎక్కడా కనపడలేదు. "కౌంటర్లో చెప్తే సరిపోతుంది" అన్నాడు మునిశేఖర్. సుజనకు ఫోను చేయలేదు, అవసరం కనపడలేదు.

ఏప్రిల్‌లో పోతే బాగుండునా? ఏప్రిల్‌కు డెబ్బై పైన చెప్తున్నాడు. మిద్దెమీద గది కట్టడానికి దాచింది ఉంది గానీ, దాన్ని కదిలించడానికి మనసొప్పలేదు. చూపుకేం, నిలకడగానే ఉంది.

ఏప్రిల్ 9

మందు వేశాను. ఆమె మిషను మీద గుడ్డ కప్పేసింది. దుమ్ము పడుతుందని.

మే 2, శుక్రవారం

డాక్టరు. ఎడమకన్ను కూడా ముడుచుకుంటోంది. "ఎంత కనపడుతోందమ్మా" అని అడిగితే శకుంతల బొటనవేలు, చూపుడువేలు కలిపి గుండ్రంగా చేసి చూపించింది. కాసంత.

మార్చిలో రెండు చేతులు కలిపి పళ్ళెమంత చూపించింది. నాకు గుర్తుంది. నేను ఇక్కడ రాయలేదు.

మే 3

ధర ఎందుకు చూస్తున్నానో, టికెట్టు తీసేశాక కూడా. ఐదున్నరకు మెలకువ వచ్చేస్తోంది. పదిహేడు వేలు మిగిలాయి. మూడు నెలలు పోయాయి. ఈ రెండు మాటలూ ఒకే వరుసలో రాయడానికి ఇవాళ్టిదాకా ధైర్యం చాలలేదు.

జూన్ 14, శనివారం. రైల్లో.

రేణిగుంటలో ఎక్కాం. కింది బెర్తులే దొరికాయి. ఆమె కిటికీకి నుదురు ఆనించి కూర్చుంది. ఒడిలో ఒక బిస్కెట్ డబ్బా. నాలుగు డబ్బాల్లోంచి ఏరి నలభై రీళ్ళు తెచ్చింది. ఏ రంగు ఎక్కడుందో వాసన పట్టినట్టు వేళ్ళతో తెలుస్తుందట. నేను కొండలు చెప్తున్నాను, చెరువులు చెప్తున్నాను, ఆమె డబ్బామీద వేళ్ళతో తాళం వేస్తోంది. రైలు కొంచెం ఊగుతూ పోతోంది. ఇలాగే సముద్రం దాకా పట్టాలుంటే ఎంత బాగుండును అనిపించింది.

జూన్ 16, సోమవారం. ముంబై విమానాశ్రయం.

కౌంటర్లో అమ్మాయి టికెట్టు చూసి, తెరమీద చూసి, మళ్ళీ మా ముఖాలు చూసింది. నాకు వచ్చిన హిందీలో చెప్పాను, మా బోర్డింగ్ పాయింట్ ముంబై అని.

"అలాంటిది ఉండదు సార్. మీరు ఢిల్లీలో ఎక్కలేదు. మొదటి విమానం ఎక్కకపోతే మిగతావన్నీ రద్దయిపోతాయి. తిరిగి వచ్చేది కూడా."

"రైల్వేలో ఉంటుందమ్మా."

"ఇది రైలు కాదు సార్. రూల్ అంతే."

రూల్ అంతే. ఆ మాట నేను ఎంతమందితో అన్నానో. పెళ్ళికి పోవాల్సినవాళ్ళతో, చావుకు పోవాల్సినవాళ్ళతో, అద్దం వెనక నుంచి తలెత్తకుండా అన్నాను. అద్దానికి ఇవతల నిలబడితే ఆ మాట ఎలా ఉంటుందో ఈ రోజు తెలిసింది.

సుజనకు ఫోను చేశాను. "నన్ను అడగకపోతివే పెదనాయనా" అంది. తిట్టినా బాగుండేది.

కుర్చీలో కూర్చున్న శకుంతల దగ్గరకు వచ్చి జరిగింది చెప్పాను. దాచడానికి ఇంక చోటు లేదు. తిరిగి పోదామన్నాను. కొత్తగా తీయాలంటే ఈ రోజు ధర చాలా ఎక్కువ, ఒక నెల ఆగి, బేరం చూసి, ఈసారి సుజననే అడిగి... ఇట్లా ఏదో చెప్తూ పోయాను.

ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది. మెల్లగా వెతికింది, ముందు మోచెయ్యి తగిలింది, తర్వాత అరచెయ్యి.

"ఇదో, ఇట్ల సూడు. నా కాసులు అయిపోతా ఉండాయి. నీ కాసులు దాచిపెట్టి ఏం చేస్తావు?"

నేను ఏడ్చాను. అరవై మూడేళ్ళవాణ్ణి, అంతమంది మధ్యలో, ముఖం తువ్వాలులో పెట్టుకొని ఏడ్చాను. మిద్దెమీద గది వద్దు, ఏదీ వద్దు అనిపించింది. ఆమె నా వీపు తడుతూ, "అబ్బా, ఊరుకో. ఎవురన్నా సూస్తే నేను తిట్టినాననుకుంటారు" అంది.

లేచిపోయి రేపటి ఉదయం విమానానికి ఇద్దరికి టికెట్లు తీసుకున్నాను. ధర ఎంతో అమ్మాయి చెప్పింది. వినపడింది. ఇక్కడ రాయను.

రాత్రి ఎనిమిదికి మందు కుర్చీలోనే వేశాను.

జూన్ 17, మంగళవారం

మబ్బుల మీద. ఆమె కిటికీ పక్కన. తెలుపు కూడా ఇన్ని రకాలుంటుందా అంది.

జూన్ 18, బుధవారం

చుక్కల మందు: ఉదయం ఆరింటికి వేశాను.

గది నుంచి సముద్రానికి నడిచే దూరమే. చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాం. ఇసుక పిండిలాగా ఉంది, కాళ్ళ కింద చల్లగా తగులుతోంది. నీళ్ళు రాక ముందే నీళ్ళ చప్పుడు వచ్చింది. ఆమె నా భుజం పట్టుకొని నడిచింది. మోకాళ్ళ కిందిదాకా నీళ్ళలోకి పోయి ఆగాం. చీర కుచ్చిళ్ళు తేలుతున్నాయి. నేను చూశాను. నాకు తెలిసిన మూడు రంగుల్లో ఇది లేదు. నోరు తెరిచి ఏదో చెప్పబోతే, "నువ్వు చెప్పద్దు" అంది.

చేతిని గొట్టంలాగా చేసి ఎడమకంటికి పెట్టుకుంది. కాసంత చూపుతో సముద్రాన్ని ముక్క ముక్కగా చూసింది, కాళ్ళ దగ్గర మొదలుపెట్టి దూరం దాకా, మళ్ళీ దూరం నుంచి కాళ్ళ దాకా. ఎంతసేపో తెలియదు. నా కాళ్ళ చుట్టూ చేపపిల్లలు తిరుగుతున్నాయి. ఆ కల గుర్తొచ్చింది. ఈసారి నేను కౌంటర్లో లేను.

"డబ్బా తియ్యి."

మూత తీసి పట్టుకున్నాను. ఒక్కో రీలు తీసి నీళ్ళ పక్కన పెట్టి చూసింది. ఆనంద బ్లూ. కాదు. నెమలికంఠం. దగ్గరికొచ్చింది, కాదు. చిలకపచ్చ, మయిలుతుత్తం, ఆకాశం, గాజుపచ్చ. పేరు చెప్పడం, చెయ్యి చాచడం, తల అడ్డంగా ఊపడం. ఒక్క పేరు కూడా తప్పలేదు. రీళ్ళ అడుగున అంటించిన పేరు చీటీలు ఒకటికి రెండుసార్లు నేను చూసుకున్నాను, ఒక్కటి కూడా తప్పలేదు. నలభై రీళ్ళూ అయిపోయాయి.

చివరిది డబ్బాలో పెట్టి, చీర చెంగుకు చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. ముఖమంతా వెలుగుతోంది. ముప్పై ఏళ్ళలో ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"దీనికి దారం లేదయ్యా."

అని నవ్వింది. మా పెళ్ళయిన కొత్తలో కూడా అట్లా నవ్వగా నేను చూడలేదు.

రాత్రి చుక్కలకు ఇంకా చాలా సమయం ఉంది.